‘తెలిసే వెళ్ళారుగా’ అనే మాటకు నా జవాబు

వారం రోజులుగా మా అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో, యుద్ధాల్లో చనిపోయిన సహాయ సిబ్బంది గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సాయం చేస్తామని యుద్ధం జరిగే చోటికి తెలిసే వెళ్ళారు. చనిపోతే ప్రభుత్వాలను నిలదీయడం ఏమిటి? యుద్ధమన్నాక పొరపాట్లు జరుగుతాయి. సైన్యం విచారణ కూడా చేసింది. మనకెందుకీ గొడవ? అడిగితే పోయినవాళ్ళు తిరిగొస్తారా?" అని. మా బంధువులే నలుగురు పంపారు. వాళ్ళ మీద కోపం లేదు గానీ, ఇందులో ఒక్క మాటా నిలబడదు.

తెలిసే వెళ్ళారట. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో పెంకుటిళ్ళు చూరు దాకా మునిగాయి. మేం పక్కింటి డాబా మీద ఉన్నాం. రెండో రోజు మధ్యాహ్నం బోటు వచ్చింది. సరంగు కొబ్బరిచెట్టుకు తాడు రెండు చుట్లు చుట్టి, బోటు సుడిలోకి పోకుండా పిట్టగోడకు కాలు తన్నిపెట్టి, మా అమ్మ చేతికి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు అందించాడు. ఆయనకు గోదావరి సంగతి మనకంటే బాగా తెలుసు. ఆ రోజు ఒడ్డు నుంచి ఎవడైనా ఆయన్ని తుపాకీతో కాల్చి ఉంటే ‘తెలిసే వెళ్ళాడుగా’ అని ఊరుకునేవాళ్ళమా? వరదకు తెగించినవాడు తూటాకు ఒప్పుకున్నట్టా?

అసలు ‘వెళ్ళారు’ అనడమే తప్పు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2024లో ప్రపంచమంతటా 383 మంది సహాయ సిబ్బంది హతమయ్యారు. వారిలో ఎక్కువమంది ఆ దేశాలవాళ్ళే. సొంతవాళ్ళకు అన్నం, మందులు అందిస్తూ పోయారు.

ఇక పొరపాటు సంగతి. 2024 ఏప్రిల్ 1న గాజాలోని దెయిర్ అల్ బలాహ్‌లో వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే ఆహార సహాయ సంస్థ సిబ్బంది గోదాములో ఆహారం దింపి వస్తున్నారు. ఏ దారిన వెళ్తారో ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పారు. కారు పైకప్పు మీద సంస్థ గుర్తు ఉంది. డ్రోన్ ఒక కారును కొట్టింది, తర్వాత రెండోదాన్ని, ఆ తర్వాత మూడోదాన్ని. ఏడుగురు పోయారు. సాయుధులున్నారనుకున్నామంటూ సైన్యం తప్పు ఒప్పుకుని ఇద్దరు అధికారులను తొలగించింది. ముందే చెప్పిన దారి, దాడి చేసినవాళ్ళకు ఎందుకు తెలియలేదు? మూడుసార్లు కొట్టేదాకా ఆపినవాడే లేడా? ఇవి అడగకుండా ‘పొరపాటు’ అనేసి వదిలేయాలా?

2025 మార్చి 23న రఫాలో 15 మంది అంబులెన్స్, సహాయ సిబ్బందిని చంపాక, బండ్లు లైట్లు లేకుండా వచ్చాయని అదే సైన్యం మొదట చెప్పింది. చనిపోయినవారిలో ఒకరి ఫోన్‌లోని వీడియో బయటికొచ్చింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడుగానీ సైన్యం మాట మార్చలేదు.

అందుకే సొంత సైన్యం చేసుకునే విచారణ మీద నాకు నమ్మకం లేదు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో వైద్య సేవా సంస్థ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపితే, 16 మందిపై శాఖాపరమైన చర్యలతో సరిపెట్టారు. ఒక్క క్రిమినల్ కేసూ లేదు. పక్కనున్న శ్రీలంకలో 2006 ఆగస్టులో ముత్తూరులో 17 మంది సహాయ సిబ్బందిని కాల్చి చంపితే ఎవరికీ శిక్ష పడలేదు. ఆస్ట్రేలియా మాత్రం గాజాలో తన పౌరురాలు జోమీ ఫ్రాంక్‌కమ్ పోయినప్పుడు రక్షణ దళాల మాజీ అధిపతి మార్క్ బిన్‌స్కిన్‌ను పంపి, నివేదిక రాయించి బయటపెట్టింది. అది చాలదు. కానీ ప్రభుత్వం అడిగితే ఆమాత్రమైనా తెలిసింది.

మనకెందుకంటారా? 2024 మే 13న రఫాలో ఐక్యరాజ్యసమితి వాహనంలో ఆసుపత్రికి వెళ్తూ చనిపోయిన వైభవ్ అనిల్ కాలే మన సైన్యంలో పనిచేసిన అధికారే. కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి లేని ఇల్లు మన కోనసీమలో ఎన్ని ఉన్నాయి?

ఇక తిరిగొస్తారా అన్న ప్రశ్న. రారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు, అంత లోతు నుంచి తీయడం కష్టమన్నారు. తమవాళ్ళ ఆచూకీ దొరకనివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకు లాగింది. లోపల ఇంకా మృతదేహాలు ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు అంత్యక్రియలు చేసుకోగలిగింది ఆ తర్వాతే.