కొండపి ఆకు, కరోలినా ఆకు

అమెరికాలో మా తెలుగువాళ్ల ఉగాదికి, పచ్చడి తిన్నంతసేపు అందరం బాగానే ఉంటాం. భోజనాలయ్యాక, పిల్లల డాన్సులు మొదలయ్యేలోపు ఓ అరగంట ఖాళీ దొరికితే చాలు, మగాళ్ల బల్ల దగ్గర గొడవ లేస్తుంది. అమెరికా సోషలిజంలోకి జారిపోతోందని ఒకాయన మొదలెడతాడు. కాలేజీ అప్పు ఇంకా తీరని కుర్రాడొకడు "జారనివ్వండి అంకుల్, మాకు మంచిదే" అంటాడు. రష్యా గతి ఏమైందో చూళ్లేదా అని మూడో ఆయన అందుకుంటాడు. నేను పెరుగన్నం కలుపుకుంటూ వింటుంటాను. సోషలిజం, క్యాపిటలిజం అనే ఈ రెండు ఇజాల పేర్లు ఎప్పుడు వినపడినా నాకు మా ఊరి పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడిమీద ఆరబెట్టే కొట్టం, గుర్తొస్తుంది. ఎందుకో చెబుతాను.

మాది ప్రకాశం జిల్లా కొండపి పక్కన పల్లె. వర్జీనియా పొగాకు మీద బతికిన ఊరు. ఆకు రెలిచి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో వేలాడదీసి, కింద ఇనప గొట్టాల్లోంచి వేడి పంపిస్తారు. ఐదారు రోజులు రాత్రీ పగలూ కాపలా. మా నాయన బ్యారన్ ముందే నులకమంచం వేసుకునేవాడు. గంటకోసారి లేచి, చిన్న అద్దం కిటికీలోంచి లోపలి థర్మామీటర్ మీద టార్చిలైటు వేసి చూసేవాడు. వేడి చాలకపోతే ఆకు నల్లబడుతుంది, ఎక్కువైతే మాడుతుంది. ఒక్క కర్ర జారి గొట్టం మీద పడిందంటే బ్యారన్‌కు బ్యారనే తగలబడిపోతుంది. ఏడాది కష్టమంతా ఆ కిటికీ అద్దం వెనక ఉండేది.

అంత కాపు కాసిన ఆకును 1981లో ఒక వ్యాపారి కొన్నాడు. ఇంటి ముందే తూకం, కాటా ఆయనదే, గ్రేడు ఆయన నోటి మాటే. డబ్బుకు బదులు ఒక చీటీ రాసిచ్చాడు, సంక్రాంతికి ఇస్తానని. సంక్రాంతి పోయింది, ఉగాదీ పోయింది. నాయన ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని ఎన్నిసార్లు ఒంగోలు బస్సెక్కాడో లెక్కలేదు. సగం డబ్బు వచ్చింది, మిగతా సగం రాలేదు. ఆ చీటీ చాలా ఏళ్లు మా ఇంట్లో దేవుడి పటం వెనకే ఉంది. దాన్ని స్వేచ్ఛా మార్కెట్ అంటారని నాకు అప్పటికి తెలియదు. తెలిసినా నాయనకు చెప్పే ధైర్యం ఉండేది కాదనుకోండి.

కేంద్ర ప్రభుత్వ పొగాకు బోర్డు 1976లోనే వచ్చింది కానీ, మా వైపు రైతుకు దాని రుచి తెలిసింది 1985లో, ఆంధ్రలో వేలం కేంద్రాలు తెరిచాక. నాయనతో మొదటిసారి వేలం ఫ్లోర్ మీదికి వెళ్లినప్పుడు నేను ఇంటర్. షెడ్డులో బేళ్లు వరసలుగా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద చీటీ. వేలం పాడే అతను ముందు నడుస్తుంటే కొనేవాళ్లు వెంట నడుస్తున్నారు. బేలులో చెయ్యి పెట్టి గుప్పెడు ఆకు లాగి, వాసన చూసి, వేలు కదిపి ధర చెబుతున్నారు. అంతా కళ్లముందే జరుగుతోంది. కాటా బోర్డుది. ధర నచ్చకపోతే అమ్మనని చెప్పే హక్కు రైతుది. డబ్బు బ్యాంకులో పడుతుంది. ఆ రోజు నాయన నడక మారిపోయింది. అప్పటిదాకా వ్యాపారి వెనక నడిచిన మనిషి, ఆ రోజు పక్కన నడిచాడు.

ఇప్పుడు చెప్పండి, అది సోషలిజమా, క్యాపిటలిజమా? షెడ్డు ప్రభుత్వానిది, కాటా ప్రభుత్వానిది. ఎంత పంట వెయ్యాలో, ఒక్కో బ్యారన్‌కు ఎన్ని కిలోలో ఏటా చెప్పేదీ ప్రభుత్వమే. 2000-01లో ఈ ఏడాది అసలు పంటే వెయ్యొద్దని క్రాప్ హాలిడే ఇచ్చారు. కానీ కొనే డబ్బు ప్రైవేటుది. ధర కట్టేది కంపెనీల పోటీ. పోటీ లేనిరోజు ఆ షెడ్డూ ఆ కాటా ఉండీ లాభం లేదు.

ఆ ఆకు పోయిన దారి ఇంకా విచిత్రం. మన పొగాకును పెద్ద ఎత్తున కొన్నది సోవియట్ యూనియన్, అదీ డాలర్లతో కాదు, రూపాయి లెక్కల ఒప్పందం మీద. అంటే మా నాయన ఆకును కమ్యూనిస్టు దేశంలో కూలీలు కాల్చారు. 1990 వేసవిలో అదే దేశంలో సిగరెట్లు దొరక్క జనం రోడ్లెక్కారు. చాలా ఫ్యాక్టరీలు ఒకేసారి మరమ్మతుల పేరుతో మూతపడ్డాయి. మాస్కోలో కూర్చుని దేశమంతటికీ ప్లాను గీసేవాళ్లకు ఇంత చిన్న సంగతి పట్టలేదు. చివరికి గోర్బచేవ్ ప్రభుత్వం రెండు అమెరికా కంపెనీల నుంచి 3,400 కోట్ల సిగరెట్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ రెండింట్లో ఒకటి నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం ఊరిదే. మరుసటేడు సోవియట్ కూలిపోయింది, మా వేలం కేంద్రాల్లో ధరలూ దెబ్బతిన్నాయి. మా ఊళ్లో ఎర్రజెండా వాళ్లు ఏడ్చారు, పొగాకు రైతులూ ఏడ్చారు. చాలా ఇళ్లల్లో ఇద్దరూ ఒకరే. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు పుట్టిన అలగానిపాడు మా పక్క నెల్లూరు జిల్లాలోనే. ఆయన ఫొటో ఉన్న ఇళ్లల్లోనే పొగాకు లాభాల లెక్కలూ జరిగేవి. అందులో తప్పేమీ లేదు.

ఉద్యోగం పేరుతో నేను నార్త్ కరోలినా రాజధాని రాలీ దగ్గర దిగింది 1998లో. మొదటి ఆదివారం ఊరవతలికి కారు తోలితే రోడ్డు పక్కన పొడుగ్గా, రేకుల కప్పుతో చెక్క కొట్టాలు కనిపించాయి. బండి ఆపేశాను. బ్యారన్లు! మా ఆవిడ నవ్వింది, ఇంతదూరం వచ్చి ఇవా చూసేది అని. ఆకును ఇలా వేడిమీద పసుపుపచ్చగా పండబెట్టడం ఈ రాష్ట్రంలోనే, 1839లో స్టీఫెన్ అనే బానిస చేతుల మీదుగా బయటపడిందని చెబుతారు. ఆ పసుపు ఆకుతో కోట్లు గడించిన డ్యూక్ కుటుంబం పేరు ఇక్కడ ఒక విశ్వవిద్యాలయానికుంది.

నేను నిజంగా నోరెళ్లబెట్టింది తర్వాత. పెట్టుబడికి పుట్టిల్లు అనుకున్న దేశంలో పొగాకుకు కోటా ఉందని తెలిసింది. రూజ్‌వెల్ట్ హయాంలో, 1938 చట్టంతో, ఏ రైతు ఎంత అమ్మాలో ప్రభుత్వమే కట్టడి చేసింది. కనీస ధరకు పూచీ కూడా పడింది. కోటా కావాలా వద్దా అని రైతులే ఓట్లేసుకునేవాళ్లు, మూడింట రెండొంతులు సరేనంటే అమలు. అరవై ఏళ్లకు పైగా అలాగే నడిచింది. పక్కా రిపబ్లికన్ రైతులు కూడా ఓటేసి మరీ నిలబెట్టుకున్నారు. సోషలిజం అనే మాట వింటే తుపాకీ వెతుక్కునే మనుషులే! 2004లో దాన్ని ఎత్తేశారు. కోటా ఉన్నవాళ్లకు పౌనుకు 7 డాలర్లు, సాగు చేస్తున్నవాళ్లకు 3 డాలర్లు, పదేళ్లలో వాయిదాలుగా కట్టించారు. ఆ డబ్బు సిగరెట్ కంపెనీల దగ్గర వసూలు చేసిందే. ఆ తర్వాత రైతు నేరుగా కంపెనీతో కాంట్రాక్టు రాసుకోవాలి. చిన్నవాళ్లు చాలామంది మానేశారు.

ఇక్కడిదాకా చదివి, ఇతను ప్రభుత్వ నియంత్రణ మంచిదంటాడు కాబోలు అనుకుంటే ఆగండి. కోటాకు చీడ పట్టడం రెండు దేశాల్లోనూ చూశాను. కరోలినాలో పొలం మొహం చూడని వారసులు, ఊళ్లలో ఇళ్లు కట్టుకుని కోటాను లీజుకిచ్చుకుని తిన్నారు. మా వైపు బ్యారన్ లైసెన్సుకు అదే జరిగింది. బ్యారన్ కూలిపోయి తుమ్మచెట్లు మొలిచినా లైసెన్సు మాత్రం బతికే ఉంటుంది, దాన్ని ఏటా కౌలుకిస్తారు. పండించేవాడు పొలానికో కౌలు, లైసెన్సుకో కౌలు కట్టి ఆ తర్వాత కూలీల సంగతి చూసుకోవాలి. ప్రభుత్వం రైతును కాపాడడానికి ఇచ్చిన కాగితం, రైతు కానివాడికి ఆస్తి అయి కూర్చుంది.

అయినా కాగితం లేనిచోట ఇంకా ఘోరం. బర్లీ అనే మరో రకం పొగాకు ఈ బోర్డు పరిధిలో లేదు. ముందేడు ధర చూసి నల్లబర్లీ విరివిగా వేశారు, 2025లో కంపెనీలు మొహం చాటేశాయి. మా మేనల్లుడు ఫోన్ చేసి "మామా, ఆకు ఇంట్లోనే ఉంది, పడుకోను చోటు లేదు" అన్నాడు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించింది. 2020లో వర్జీనియా వేలంలో కూడా మార్క్‌ఫెడ్ వెళ్లి పాట పాడాల్సి వచ్చింది. వ్యాపారం బాగున్నప్పుడు ప్రభుత్వం దేనికనే పెద్దమనుషులు, పోటీ చచ్చిపోయినప్పుడు ఎవరిని పిలవాలో కూడా చెబితే బాగుండేది.

మా ఫ్లోర్ మీద ఒక మాట ఉంది: నోబిడ్. బేలు ముందు అందరూ ఆగి, చూసి, ఎవరూ ధర కట్టకుండా ముందుకు పోతే దానికి నోబిడ్ పడినట్టు. రైతు దాన్ని మళ్లీ ట్రాక్టరెక్కించి, కిరాయి తనే పెట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. నా వరకు ఒక పద్ధతిని కొలిచే కాటా అదే. నోబిడ్ పడిన బేలు నష్టం ఎవరి నెత్తిన పడుతోంది? సోవియట్ ప్లాను ఆ నష్టాన్ని కనపడకుండా దాచి, దేశం మొత్తం మీద రుద్దింది. చీటీ రాసిచ్చిన మా వ్యాపారి దాన్ని ఒక్క మా నాయన మీద పెట్టాడు. పోటీ ఉండాలి. కాటా మాత్రం పోటీదారు చేతిలో ఉండకూడదు. పోటీ చచ్చిన ఏడాది కొనే చెయ్యొకటి ఉండాలి, ఆ చెయ్యి ఏటా కొనకూడదు. మా బల్ల దగ్గర దీన్ని గోడమీద పిల్లివాటం అంటారు. అననీయండి. ఆ గోడ కట్టడానికి మా జిల్లాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక్క చోట మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆకు అల్లే ఆడవాళ్లకు ఏ బోర్డూ లేదు, ఏ వేలమూ లేదు. కర్రల లెక్కన కూలి. చేతులకు పట్టిన పొగాకు జిగురు సబ్బుతో పోదు. అన్నం కలిపితే చేదెక్కుతుందని మా ఇంటి దగ్గర అల్లే ఒకామె చెంచాతో తినేది. చిన్నప్పుడు మేం ఆమెను దొరసాని అని ఏడిపించేవాళ్లం.

పోయిన శీతాకాలం మా వీధి చివర ఉండే పెద్దాయనకు ఫోనులో మా ఊరి బ్యారన్ ఫొటో చూపించాను. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పొగాకు రైతు, కోటా పోయాక రెండేళ్లు కాంట్రాక్టు చేసి మానేశాడు. ఫొటోను పెద్దది చేసుకుని గొట్టాలు ఎటునుంచి పోతాయో చూశాడు. కట్టెలేం వాడతారని అడిగాడు. సరుగుడు, తుమ్మ అన్నాను. తలూపి, ఫోను నా చేతికిస్తూ ఒక్కటే అడిగాడు.

"మీ దగ్గర గ్రేడు ఎవరేస్తారు?"