ఆ స్టార్ట్-స్టాప్ ఫార్వర్డ్‌లో నిజమెంత?

"కారెక్కగానే ముందు ఆటో స్టాప్ బటన్ ఆఫ్ చేయండి, లేదంటే స్టార్టర్ ఏడాదిలో పోతుంది, ఇంజిన్ అరిగిపోతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, పైగా మళ్ళీ స్టార్ట్ అవ్వడానికి మిగిలిన పెట్రోలు కంటే ఎక్కువే తాగుతుంది" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది కదా, నాకే నాలుగు సార్లు వచ్చింది. ఆటో స్టాప్ (స్టార్ట్-స్టాప్) అంటే సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఇంజిన్‌ని దానంతటదే ఆపేసి, బయల్దేరేటప్పుడు మళ్ళీ స్టార్ట్ చేసే సిస్టమ్.

పెట్రోలు మాట ముందు తేల్చేద్దాం. అది కార్బ్యురేటర్‌తో పెట్రోలు అందే పాత ఇంజిన్ల కాలం నాటి లెక్క. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్ వేడి మీదుంటే మళ్ళీ స్టార్ట్ అవ్వడానికి తాగేది, కారు కదలకుండా ఇంజిన్ ఓ పది సెకన్లు ఐడిల్‌లో నడిస్తే తాగేదానికి మించదు, అంతకంటే ఎక్కువసేపు ఆగితే మిగిలినట్టే.

స్టార్టర్ అంటారా, రోజుకి పదుల సార్లు తిరగాలని తెలిసే దీంట్లో బ్రష్‌లూ బేరింగులూ గట్టివి వేస్తారు, మామూలు కార్ల స్టార్టర్ కాదిది. కొన్నింట్లో అయితే బెల్టుతో తిప్పే స్టార్టర్ జనరేటరే ఉంటుంది.

ఇంజిన్ అరుగుదల దగ్గర మాత్రం అసలు తిరకాసు ఉంది. స్టార్టింగ్‌లో అరుగుతుందన్నది నిజమే, కానీ ఎప్పుడు? రాత్రంతా ఆగి, ఆయిల్ కిందికి జారిపోయి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగితే బేరింగుల్లో ఆయిల్ పొర ఎక్కడికి పోతుందండీ? అసలు ఇంజిన్ వేడెక్కేదాకా సిస్టమ్ ఆపనే ఆపదు, పొద్దున్నే బయల్దేరి మొదటి సిగ్నల్‌లో చూడండి, న్యూట్రల్‌లో వేసి క్లచ్ వదిలినా ఆర్‌పీఎమ్ ముల్లు కిందికి దిగదు. అదే వేడెక్కాక ముల్లు పడిపోతుంది, ఏసీ ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, గాలి కాస్త వెచ్చబడగానే మనం ఏం ముట్టుకోకుండానే మళ్ళీ స్టార్ట్ అయిపోతుంది. చాలామంది దీన్నే ఫాల్ట్ అనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెడతారు!

ఇక బ్యాటరీ, ఇందులో సగం నిజం ఉంది. బానెట్ ఎత్తి బ్యాటరీ మీద చూస్తే ఏజీఎమ్ అనో ఈఎఫ్‌బీ అనో రాసుంటుంది, అంటే మాటిమాటికీ స్టార్ట్ అవ్వడాన్ని తట్టుకునే గట్టి రకం బ్యాటరీ అన్నమాట, చాలా కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ కూడా ఉంటుంది, చార్జ్ తగ్గితే అదే చెప్పి ఇంజిన్ ఆగకుండా చూస్తుంది. ఆ బ్యాటరీ పోయినప్పుడు తక్కువకి వస్తోంది కదా అని మామూలు బ్యాటరీ వేయించుకుంటే త్వరగానే పోతుంది, తిట్లేమో సిస్టమ్‌కి! కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్ పెట్టి ఆ సంగతి కారుకి చెప్పాలి కూడా, అది చేశారో లేదో అడగండి.

రెండు సెకన్లకోసారి కదిలి ఆగే ట్రాఫిక్‌లో మాత్రం నేనూ ఆ బటన్ నొక్కేస్తా, అక్కడ మిగిలేదేం లేదు, చిరాకు తప్ప.