ఇంట్లో దాచినా, వీసా ఫైలులో దాచొద్దు

నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికా సంబంధం అంటే సంబరపడే ఇళ్లలోనే, ఆ అబ్బాయిది వేరే కులమో మతమో అని తెలియగానే అమ్మాయి ఫోన్ లాక్కుంటారు. పాస్‌పోర్టు, టెన్త్ మెమో బీరువాలోకి వెళ్తాయి. అప్పుడు జంటకు తోచేది ఒకటే: గుట్టుగా రిజిస్టర్ చేయించుకుని వీసాకి పెట్టేయడం. నన్ను భయపెట్టేది ఆ తొందరే.

అబ్బాయి అమెరికా పౌరుడైతే, కాబోయే భార్యకు ఇచ్చే కే-1 వీసా మీద అమ్మాయిని పిలిపించుకుని, అక్కడే 90 రోజుల్లోపు పెళ్లి చేసుకోవచ్చు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్ల భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా కావాలంటే ముందే పెళ్లయి ఉండాలి. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు తప్పదు. మూడు వారాల సెలవు మీద వచ్చినవాడికి అది చాలదు. పైగా ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. కావలి లాంటి ఊళ్లో కబురు ఇంటికి చేరడానికి ఎంతసేపు?

ఇద్దరూ హిందువులైతే ఆ నోటీసు ఉండదు. కానీ సంతకాలతో సరిపెట్టకూడదు. వీసా కోసం ముందే రిజిస్టర్ చేయించుకునే ధోరణిని సుప్రీంకోర్టు 2024లో ప్రత్యేకంగా ప్రస్తావించింది. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి తంతు జరగకపోతే ఆ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లదని చెప్పింది. కాబట్టి చిన్న గుడిలోనైనా పద్ధతిగా పెళ్లి జరగాలి.

ఆ పెళ్లి ఫొటోల్లో పెద్దలు ఎందుకు లేరని వీసా అధికారి అడగవచ్చు. అద్దె బంధువులను నిలబెట్టే పని మాత్రం చేయొద్దు. పెద్దల ఒప్పుకోలు అమెరికా చట్టం అడగదు. ఇంట్లో ఒప్పుకోలేదని ఉన్నదున్నట్టు రాసి, ప్రయాణాల టికెట్లు, చాట్‌లు, పెళ్లికి వచ్చిన స్నేహితుల అఫిడవిట్లు జత చేయాలి. రక్షణ కోసం ఎస్పీకి అర్జీ పెట్టుకుని ఉంటే అదీ సాక్ష్యమే.

అన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది. రహస్యంగా పెళ్లి చేసుకున్న అమ్మాయిని ఇంట్లోవాళ్లు ఎంఎస్‌కి పంపిస్తామంటారు. టెన్షన్‌లో ఆమె వీసా ఫారంలో పెళ్లి కాలేదని రాస్తుంది. రేపు అదే పెళ్లి సర్టిఫికెట్‌తో భార్యగా దరఖాస్తు చేస్తే పాత అబద్ధం బయటపడుతుంది. దాన్ని మోసంగా తేలిస్తే అమెరికా ప్రవేశం శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

అబ్బాయి డల్లాస్‌లో క్షేమంగానే ఉంటాడు. దెబ్బలు తినేది, గదిలో బందీ అయ్యేది కందుకూరులో ఉన్న అమ్మాయి. అందుకే స్పాన్సర్ చేసేవాడి బాధ్యత ఫారాలు నింపడంతో తీరదు. నోటీసు ఇవ్వకముందే ఆమెకు క్షేమంగా ఉండే చోటు, చేతిలో కొంత డబ్బు, ఒక లాయర్ నంబరు ఏర్పాటు చేయాలి. వీసా వచ్చేదాకా నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆమె ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పెళ్లి తేదీ పెట్టుకోవాలి.