పనిచేస్తున్న కంప్యూటర్‌ని ఎందుకు కదపాలి? అక్కాతమ్ముళ్ల వాదోపవాదం

విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంట్లో కాస్త పాత కంప్యూటర్ ఉన్నవాళ్లందరికీ అప్పటినుంచీ ఇదే టెన్షన్. ఈ వాదనలో అక్క మల్కాజిగిరిలో ఉంటుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైంది, తన కంప్యూటర్‌ని విండోస్ 11కి తనే మార్చుకుంది. తమ్ముడు నల్లకుంటలో ఇంట్లోనే డీటీపీ చేస్తాడు, పెళ్లికార్డులు, కరపత్రాలు, కాలనీ వాళ్ల ప్రింటౌట్లు. నేను అక్క పక్షం. కానీ తమ్ముడు అన్న కొన్ని మాటలకు నా దగ్గరా సరైన జవాబు లేదు, అందుకే వాటిని మెత్తబరచకుండా అలాగే ఉంచాను.

తమ్ముడు: అక్కా, ఒక్కటే అడుగుతా. స్విచ్ వేస్తే లేస్తోంది, కార్డులు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది, ప్రింట్ వస్తోంది. హార్డ్‌డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించాక కొత్తదాంతో సమానంగా నడుస్తోంది. అలాంటిదాన్ని ఎందుకు కదపాలి?

అక్క: భద్రతా అప్‌డేట్లు ఆగాయి కాబట్టి.

తమ్ముడు: ఆగితే మంచిదే. అప్‌డేట్ వచ్చిన రోజే నాకు పని ఆగేది. మాఘమాసం ముహూర్తాలప్పుడు పొద్దున పదికి ప్రెస్సుకి ఫైలు పంపాలి, అప్పుడే తెర మీద 'కంప్యూటర్‌ని ఆపవద్దు' అని గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. పార్టీ వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటాడు. నువ్వు ఉద్యోగం చేసి దిగిపోయావు కాబట్టి నీకు తీరిక, నాకు అది తిండి పెట్టే మెషిన్.

అక్క: తిండి పెట్టేదాన్నే కదరా జాగ్రత్తగా చూసుకోవాలి. అయినా నువ్వు భయపడేంత పని కాదు, నేనెలా చేశానో విను. నాది ఇంటెల్ ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, విండోస్ 11 ఒప్పుకునే లిస్టులో ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది నడిపితే విండోస్ 11కి కావలసిన భద్రతా చిప్, టీపీఎం 2.0, లేదంది. మా వీధి చివర షాపులో అడిగితే మదర్‌బోర్డు మార్చాలమ్మా అన్నారు. లేకపోవడం కాదు, విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగుల్లో ఆపేసి ఉందంతే! కంప్యూటర్ లేచేటప్పుడు డిలీట్ కీ నొక్కి లోపలికి వెళ్తే ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు, ఎనేబుల్ చేస్తే సరి, పైసా ఖర్చు లేదు. తర్వాతి చిక్కు సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఏర్పాటు. దానికి బయోస్‌లో యూఈఎఫ్‌ఐ అనే కొత్త మోడ్ కావాలి, ఆ మోడ్‌లో విండోస్ లేవాలంటే డిస్క్‌ని భాగాలు చేసిన తీరు జీపీటీ పద్ధతిలో ఉండాలి, నాదేమో పాత ఎంబీఆర్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ముందు బయోస్‌లో లెగసీ అనే పాత మోడ్ తీసేసి యూఈఎఫ్‌ఐ పెట్టేస్తారు, బూట్ డివైస్ లేదంటూ నల్ల తెర వస్తుంది, ఫోటోలన్నీ పోయాయని ఏడుస్తారు. ఏమీ పోలేదు, వరస తప్పిందంతే, మళ్లీ లెగసీకి మారిస్తే లేచి కూర్చుంటుంది. నేను ముందు అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీశాను. తర్వాత విండోస్‌లో ఉండగానే ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్‌తో వాలిడేట్ చేశాను, అది సరే అన్నాకే కన్వర్ట్ చేశాను, ఆ తర్వాతే బయోస్ ముట్టుకున్నాను. నా డిస్క్‌లో సీ, డీ, కనబడకుండా ఉండే చిన్న పార్టిషన్, మొత్తం మూడూ ప్రైమరీలే కాబట్టి ఒప్పుకుంది. షాపుల్లో సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు కోసి ఇస్తారే, ఆ పద్ధతిలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉంటే ఆ కమాండ్ ఒప్పుకోదు, ముందే చూసుకోవాలి. ఇక సెటప్ మొదలుపెట్టాక ఒక శాతం దగ్గర అంకె ఎంతకీ కదల్లేదు. కదలకపోయినా కేసు మీద డిస్క్ లైటు మినుకుమినుకుమంటూనే ఉంది, అంటే లోపల పని జరుగుతోందన్నమాట. యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు గురించి బెంగ లేదు. పూర్తయ్యాక చూస్తే ఫైళ్లు ఉన్నచోటే, అమ్మ ఫోటో వాల్‌పేపర్‌గా అలాగే ఉంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను! ఈ వయసులో నా చేత్తో నేను చేసుకున్నాను. నచ్చకపోతే పది రోజుల్లోపు పాతదానికి వెనక్కి వెళ్లే బటన్ కూడా సెట్టింగ్స్‌లో ఉంటుంది.

తమ్ముడు: బాగుంది. నీది ఎనిమిదో తరం కాబట్టి ఈ కథంతా. నాది ఆరో తరం ఐ5, 2016లో సికింద్రాబాద్ సీటీసీలో కొన్నది. నేను బయోస్‌లో ఎన్ని కీలు నొక్కినా ఆ లిస్టులోకి రాదు. అసలు ఆ గీత గీసిందెవరు? 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇదే చివరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన సభలో చెప్పాడు, ప్రపంచమంతా రాసుకున్నారు, కంపెనీ ఆ మాట కాదని గట్టిగా ఖండించలేదు. 2021లో 11 తెచ్చారు. తెస్తే తెచ్చారు, ఏ లోపమూ లేని ప్రాసెసర్లని పక్కన పెట్టారు. నా మెషిన్‌కి ఏ రోగమూ లేదక్కా. దాన్ని పాతసామానువాడికి వేయమంటున్నావా?

అక్క: అనను. ఆ గీత విషయంలో వాళ్లది అన్యాయమే. భద్రత కోసం చిప్ కావాలన్నారు, ఆ మాటలో నిజం ఉంది, కానీ అందుకోసం బాగా పనిచేసే ఇన్ని కంప్యూటర్లని వదిలేయడం నాకూ మింగుడుపడదు.

తమ్ముడు: ఒప్పుకున్నావుగా. ఇంకొకటి విను. మా కాలనీలో ఒకాయన ల్యాప్‌టాప్‌లో బయోస్ అప్‌డేట్ అయింది, మర్నాడు తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉందని ఆయనకి తెలియనే తెలియదు. కొన్నప్పుడు షాపులో ఏ మెయిల్‌తో అకౌంట్ తెరిచారో గుర్తులేదు, కీ అందులో ఉందంటే ఎక్కడ వెతుకుతాడు? కూతురి ఎంసెట్ నోట్సు, ఇంటి పత్రాల స్కాన్లు అన్నీ పోయాయి. దొంగ రాలేదు, వైరస్ రాలేదు. భద్రతే తాళం వేసింది.

(ఈ మాటకు అక్క వెంటనే ఏమీ అనలేకపోయింది. నేనైనా ఏమీ అనలేను. కొత్త విండోస్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటినుంచి వేస్తే చాలా మెషిన్లలో ఈ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమని ఇళ్లలో ఎవరూ చెప్పడం లేదు.)

అక్క: ఆయనకి జరిగింది ఘోరం. కీ ముందే రాసుకోవాలి, అది ఎవరో ఒకరు చెప్పాలి. కానీ నీ మెషిన్ సంగతి వేరు. అందులో విండోస్ ఒరిజినలేనా?

తమ్ముడు: ఇప్పుడు అదెందుకు?

అక్క: అడిగినదానికి చెప్పరా. షాపులో వేయించావా, క్రాకేనా?

తమ్ముడు: ఊళ్లో సగం మందిది అదే. లైసెన్సు డబ్బుకి నాకు బోలెడు పేపరు వస్తుంది. నువ్వు బ్యాంకు పెన్షన్ మీద కూర్చుని నీతులు చెప్పకు.

అక్క: నీతి కాదు. ఆ క్రాక్ నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు చూశావా, ఎందుకు ఆపమంటారో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ ఫైలులో ఇంకేముందో వేసినవాడికే తెలియదు. ఇవాళే తీసేసి లైసెన్సు కొనుక్కో, ఆ డబ్బు నేనిస్తా.

తమ్ముడు: నీ డబ్బు అక్కర్లేదు. సరే, కొంటాను. విండోస్ ఏది వేసినా నాకు అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లు నడవాలి. దాని లైసెన్సు కోసం కంప్యూటర్‌కి గుచ్చే డాంగిల్ ఉంది, ఆ డాంగిల్ డ్రైవర్ పాతది. కొత్తదాంట్లో నడవకపోతే ఇన్నేళ్ల కార్డుల ఫైళ్లు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

అక్క: అందుకే ఎప్పుడో అన్నిచోట్లా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌కి రమ్మన్నాను. అనులో కొట్టింది ఇంకోచోట అతికిస్తే తెలుగు కాదు, వెతికితే దొరకదు. గురజాడ, మండలి, రామభద్ర, ఎన్టీఆర్, ఇన్ని యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

తమ్ముడు: ఉన్నాయి, రామభద్ర నేనూ వాడతాను, హెడ్డింగులకి అందంగా ఉంటుంది. కానీ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పడదు. కొత్త సాఫ్ట్‌వేర్ నెలనెలా అద్దె కట్టాలి. పైగా నా వేళ్లకి అలవాటైంది యాపిల్ కీబోర్డు, అంటే అనులో ఉండే ఒక తెలుగు కీల అమరిక. ఇరవై ఏళ్ల అలవాటు, కళ్లు మూసుకుని కొడతాను. దాన్ని మార్చుకుంటే నా స్పీడు సగానికి పడిపోతుంది, ఆ నష్టం ఎవరిస్తారు?

అక్క: నీ వేళ్లని మార్చమనడం లేదు. విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు పెట్టుకుంటే తెలుగుకి యాపిల్ లేఅవుటే ఉంది, అవే వేళ్లు, అవే కీలు, వచ్చేది మాత్రం యూనికోడ్.

తమ్ముడు: నిజమా? నాకెవరూ చెప్పలేదే.

అక్క: నువ్వు ఎవర్నీ అడగవు కదా. సరే, అసలు సంగతికి వద్దాం. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వచ్చింది గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని లాక్ అయిపోయాయి, పేపర్లలో వచ్చింది. అది దూరిన విండోస్ కంతకి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికారు.

తమ్ముడు: ఎప్పుడో కాలం తీరిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్పుడు అప్‌డేట్ ఇచ్చారు. నిజంగా కొంప మునిగితే వాళ్లే ఇస్తారు.

అక్క: మునిగాక ఇచ్చారురా! అంతకు ముందు రోజు పోయిన ఫైళ్లు ఎవరు తెచ్చిచ్చారు?

తమ్ముడు: నా దగ్గర పోవడానికి ఏముంది? బ్యాంకు పని ఫోన్‌లో చేస్తాను.

అక్క: నీది కాదు, నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కసారి తెరిచి చూడు. కాలనీ అంతా నీకు వాట్సాప్ చేస్తారు, అన్నా ఆధార్ రెండు కాపీలు తియ్యి, పాన్ కార్డు ఒకటి తియ్యి, మా పాప కుల ధ్రువపత్రం కలర్ తియ్యి అని. తీసి ఇస్తావు, ఫైలు అక్కడే ఉంటుంది. మొన్న నేను వచ్చినప్పుడు చూశాను, మౌస్ తిప్పుతూనే ఉన్నాను, అడుగుకి చేరలేదు. ముఖాలు, పుట్టిన తేదీలు, వేలిముద్ర వేసిన కాగితాలు, పెన్షన్ పుస్తకాలు. దాంట్లోనే ముక్కూమొహం తెలియనివాళ్ల పెన్‌డ్రైవులు గుచ్చుతావు, పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయేవి. అలాంటి కంప్యూటర్‌కి కొత్తగా దొరికే కంతలు పూడ్చేవాళ్లే ఉండరంటే నాకు నిద్ర పట్టదు. నష్టపోయేది నువ్వైతే నీ ఇష్టం అని వదిలేసేదాన్ని. నిన్ను నమ్మి కాగితాలు పంపినవాళ్లు ఏం పాపం చేశారు? ఆ పెన్షన్ ముసలామెకి విండోస్ అంటే ఏంటో కూడా తెలియదు.

తమ్ముడు: ... అవి తీసేయాలని నేనూ అనుకుంటూనే ఉన్నాను.

అక్క: ముందు అవి తీసెయ్, రీసైకిల్ బిన్‌తో సహా. తర్వాత లైసెన్సు. నీది విండోస్ 10లో చివరి వెర్షన్, 22హెచ్2, అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లకి పేరు నమోదు చేసుకునే వీలుంది, 2026 అక్టోబర్ దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే ఉచితమే.

తమ్ముడు: ఆ తర్వాత? ప్రాసెసర్ చెకింగ్ తప్పించే బైపాస్ పెట్టి 11 వేస్తామని షాపుల్లో అంటున్నారు.

అక్క: వద్దు. అలాంటి మెషిన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఏ అప్‌డేట్ల కోసం ఇంత గొడవ పడుతున్నామో అవే గ్యారంటీ లేకపోతే ఇక ఎందుకు? నెట్‌కి, వాట్సాప్‌కి, ప్రింటౌట్లకి లినక్స్ మింట్ వేద్దాం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, నీ ఆరో తరానికి ఎక్కువే.

తమ్ముడు: పేజ్‌మేకర్, డాంగిల్ మాత్రం ముట్టుకోనివ్వను. అది కుదరదంటే ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం.

అక్క: ముట్టుకోవద్దు. ఆ ఎస్‌ఎస్‌డీ అలాగే ఉంచి, దానికి నెట్ తీసేద్దాం. మింట్‌కి ఇంకో చిన్న ఎస్‌ఎస్‌డీ కొందాం.

తమ్ముడు: మరి ఫైలు ప్రెస్సుకి ఎలా పంపాలి?

అక్క: పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇటు తెచ్చుకుని మెయిల్ చెయ్యి. ఆ పెన్‌డ్రైవ్ నీదొక్కటే ఉండాలి, పార్టీలది దాంట్లో పెట్టకూడదు.

తమ్ముడు: ఒక అడుగు ఎక్కువే. ప్రింటర్ మింట్‌లో పనిచేయకపోతే?

అక్క: వేయకముందే తెలిసిపోతుంది. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్క్‌లో ఏదీ మారదు. ఆదివారం వస్తా, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి పెట్టు. ముందు ప్రింట్ తీసి చూద్దాం, రాకపోతే ఎస్‌ఎస్‌డీ కొనొద్దు.