ఏడవని పిల్లాడు హంతకుడేనా?

మార్టీ టాంక్లెఫ్ కేసులో నన్ను ఇప్పటికీ వదలనిది ఒక పాత లింకన్ కారు. 1988 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో దంపతుల మీద సొంత ఇంట్లోనే దాడి జరిగింది. తల్లి చనిపోయింది. తండ్రి కోమాలోకి వెళ్లి, మళ్లీ స్పృహలోకి రాకుండానే కొన్ని వారాలకు పోయాడు. అంబులెన్సు కోసం ఫోన్ చేసిన పదిహేడేళ్ల కొడుకు మార్టీనే పోలీసులు హంతకుడన్నారు. ఎందుకు చంపాడయ్యా అంటే, పాత డొక్కు లింకన్ తోలుకోమన్నందుకు అమ్మానాన్నల మీద కోపమట!

ఈ లెక్కన ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ హత్యకు కారణం సిద్ధంగా ఉన్నట్టే. ఫోన్ లాక్కున్నారని, బైక్ కొనివ్వలేదని, ఎంపీసీ వద్దంటే వినలేదని, పక్కింటి వాడి ర్యాంకు చూపించి నలుగురిలో తిట్టారని రోజూ అలకలే. జరగరానిది జరిగిన రోజు మాత్రం ఆ అలకే ‘మోటివ్’ అయి కూర్చుంటుంది. వీధిలో ఎవరో ఒకరు మైకు ముందుకొచ్చి, “వాళ్ల నాన్నతో ఎప్పుడూ గొడవేనండీ” అంటే చాలు.

ఇక ఏడుపు సంగతి. మార్టీ మరీ నిబ్బరంగా ఉన్నాడన్నది డిటెక్టివ్‌లకు వచ్చిన మొదటి అనుమానాల్లో ఒకటి. పదేళ్ల తర్వాత, 1998 జనవరిలో కాలిఫోర్నియాలోని ఎస్కాండీడోలో ఇదే కథ. పన్నెండేళ్ల అమ్మాయిని ఆమె గదిలోనే ఎవరో పొడిచి చంపారు. పద్నాలుగేళ్ల అన్న మీదకు పోలీసుల చూపు ఎందుకు మళ్లిందంటే, ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే వాడు ఓ పక్కన కూర్చుని చేతిలో వీడియో గేమ్ ఆడుకుంటున్నాడు.

చావు ఇళ్లకు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఇలాంటి పిల్లల్ని చూసే ఉంటారు. కింద పాడె కడుతుంటే సెల్‌ఫోన్ పట్టుకుని మేడమీదకు పోయేవాడు ఒకడుంటాడు. పెద్దకర్మ దాకా కంట నీరు పెట్టకుండా, నెల పోయాక అన్నం ముందు కూర్చుని భోరుమనేది ఇంకొకతి. “కన్నతల్లి పోతే కంట చుక్క లేదు చూడు” అని అమ్మలక్కలు అనుకుంటే ఆ పూటతో పోతుంది. అదే మాట దర్యాప్తు అధికారి అనుకుంటే పిల్లాడి ప్రాణం మీదకొస్తుంది.

టాంక్లెఫ్ విచారణలో అసలు మలుపు ఒక దొంగ ఫోన్ కాల్. మెక్‌క్రెడీ అనే డిటెక్టివ్ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినట్టు నటించి, తిరిగొచ్చి చెప్పాడు: మీ నాన్నకు తెలివొచ్చింది, నువ్వే కొట్టావని చెప్పాడు. ఆ మాటతో కుర్రాడు కూలిపోయాడు. నాన్న అబద్ధం చెప్పడు కదా, మరి నేనే చేసి మర్చిపోయానేమో అన్న దగ్గరికి వచ్చాడు. వాంగ్మూలం డిటెక్టివ్ చేత్తో రాసుకున్నాడు. దాని కింద మార్టీ సంతకం ఎప్పుడూ పెట్టలేదు. దాడికి వాడినట్టు అందులో ఉన్న కత్తి మీద గానీ, వ్యాయామం చేసే ఇనుప కడ్డీ మీద గానీ రక్తం దొరకలేదు. అయినా 1990లో యాభై ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది.

నేను అందరినీ ఆగి ఆలోచించమనేది ఇక్కడే. మార్టీ మొండివాడై, నాన్న మాట లెక్కచేయని వాడై ఉంటే ఆ దొంగ ఫోన్ పనిచేసేది కాదు. తండ్రి మీద నమ్మకమే అతన్ని పట్టించింది. పెద్దవాళ్లు చెప్పిందే నిజం, ఎదురు మాట్లాడకూడదు, తప్పు చేయకపోయినా ‘సారీ’ చెప్పేసి గొడవ వదిలించుకో అని మనం నేర్పే పిల్లలు స్టేషన్ గదిలో ఎంతసేపు నిలబడతారు? క్లాసులో ఎవరో అద్దం పగలగొడితే బెత్తానికి భయపడి “నేనే సార్” అన్నవాళ్లు మనలో ఎంతమంది లేరు! బుద్ధిమంతులే ముందు ఒప్పుకుంటారు. తప్పు చేసినవాడికి ఏం దాచాలో తెలుసు. చేయనివాడికి ఎదుటి మనిషిని ఎలా తృప్తిపరచాలన్నదే టెన్షన్.

ఎస్కాండీడోలో జరిగింది మనకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు, ఎందుకంటే అక్కడ వీడియో తీశారు. ఆ పిల్లాడిని తల్లిదండ్రులు దగ్గర లేకుండా చేసి గంటల తరబడి ప్రశ్నించారు. గొంతు వణుకును బట్టి అబద్ధం పట్టేస్తుందనే యంత్రం తగిలించారు. లేని సాక్ష్యాలు ఉన్నాయన్నారు. మీరు వినాలనుకున్నది చెబుతున్నానని వాడు వాళ్ల ముఖం మీదే అన్నా ‘ఒప్పుకోలు’ కిందే జమకట్టారు. చివరికి ఆ రాత్రి ఆ చుట్టుపక్కల తిరిగిన ఒక దేశదిమ్మరి చొక్కా మీద చెల్లెలి రక్తం బయటపడి కేసు కూలింది. 2012లో కోర్టు ఆ అన్నను నిర్దోషిగా ప్రకటించింది. చొక్కా యజమానికి పడిన శిక్ష అప్పీలులో పోయి, రెండోసారి విచారణలో అతనూ బయటపడ్డాడు. అంటే ఆ అమ్మాయి హత్యకు నేటికీ ఎవరూ బాధ్యులు కారు. పిల్లాడి వెంట పడి పోగొట్టుకున్న ఆ మొదటి రోజులను ఎవరు తెచ్చిస్తారు?

పోలీసుల వాదన నాకు తెలియనిది కాదు. ఇంట్లో హత్య జరిగితే ఇంట్లోవాళ్లను అడక్కుండా ఎలా, తల్లిదండ్రులను చంపిన పిల్లలు లేరా, ప్రతిదానికీ చట్టం అంటే కేసులు తేలతాయా అంటారు. ఉన్నారు, అడగండి. పెద్దదిక్కు పక్కన ఉండగా, కెమెరా ముందు అడగండి. చెప్పినదాన్ని దొరికిన కత్తితో సరిపోల్చండి. లాంగ్ ఐలాండ్‌లో ఆ చివరి పని చేయలేదు. మార్టీ తండ్రికి పెద్ద మొత్తం బాకీ ఉన్న వ్యాపార భాగస్వామి ఆ రాత్రి ఆ ఇంట్లోనే పేకాట ఆడి వెళ్లాడు. వారానికి తాను చనిపోయినట్టు నాటకమాడి కాలిఫోర్నియాలో తేలాడు. అతనే చేశాడని నేననడం లేదు, అతని మీద కేసూ లేదు. కానీ ఏడవని కొడుకు మీద పడ్డ అనుమానంలో పదో వంతైనా అటు పడలేదే!

శిక్ష రద్దయి మార్టీ 2007 డిసెంబర్‌లో బయటికొచ్చాడు, అప్పటికి ముప్పై ఆరేళ్లు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రం 33.75 లక్షల డాలర్లు, ఆ పోలీసులు పనిచేసే సఫోక్ కౌంటీ కోటి డాలర్లు పరిహారంగా ఇచ్చుకున్నాయి. అతను లా చదివి లాయరయ్యాడు. మైనర్లకు అబద్ధాలు చెప్పి విచారించకూడదని ఇలినాయ్, ఒరెగాన్ రాష్ట్రాలు చట్టం చేసింది 2021లో మాత్రమే.

మన దగ్గర కాగితం మీద అంతా బాగుంది. పోలీసు ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్యాధార చట్టమే చెప్పింది, 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షనూ అదే చెబుతోంది. ఆ ఒప్పుకోలు వల్ల వస్తువేదైనా దొరికితే అంతవరకే చెల్లుతుంది. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం ఖరాఖండిగా అంటోంది. విచారణ గదుల్లోనూ సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది.

మరి కోర్టులో చెల్లని ఆ ఒప్పుకోలు చెల్లుతున్నది ఎక్కడ? ప్రెస్ మీట్‌లో. బల్ల మీద జప్తు చేసిన కత్తి, సెల్‌ఫోన్లు, వెనకాల ముసుగులు తొడిగి నిలబెట్టిన మనుషులు, “నేరం అంగీకరించాడు” అనే వాక్యం. సాయంత్రానికి టీవీలో గ్రాఫిక్స్‌తో హత్య మళ్లీ జరుగుతుంది. నిందితుడు మైనరైతే పేరు చెప్పరు గానీ ఊరు, కాలేజీ, తండ్రి ఉద్యోగం చెప్పేస్తారు. వివరాలు ఏ రూపంలోనూ బయటపెట్టకూడదన్న బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అలా ఉండగానే. విజయవాడ దగ్గర హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో ‘దోషి’ని కూడా మనం ఇలాగే చూశాం. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి లక్ష రూపాయలు పరిహారం ఇప్పించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డీజీపీలు తలచుకుంటే చార్జిషీటు వేసేదాకా ప్రెస్ మీట్లలో ఒప్పుకోలు ప్రస్తావన బంద్ చేయొచ్చు. మైనరున్న కేసుల్లో అసలు ప్రెస్ మీటే పెట్టకుండా ఉండొచ్చు. దీనికి అసెంబ్లీ సమావేశం కావాలా, కొత్త చట్టం కావాలా? ఎస్పీలకు ఒక సర్క్యులర్ పంపితే సరిపోతుంది, అది పంపడానికి అడ్డేమిటో వాళ్లనే అడగాలి.