అరవై కిలోల మనోభావాలు

మనోభావాలు దెబ్బతినే హక్కు ఒక్క మనుషులకే ఉందని ఇన్నాళ్లూ నమ్ముతూ వచ్చాం. గ్రేట్ డేన్ కుక్కను పెంచుతున్న ఇళ్లలో ఈ నమ్మకం ఏనాడో చెల్లిపోయింది. టీవీ రిమోట్ కోసం ఆలుమగలు పోట్లాడుకోవాలన్నా అక్కడ గుసగుసల్లోనే కానివ్వాలి. గుమ్మంలో పడుకున్న జీవి భుజం దాకా కొలిస్తేనే 30 అంగుళాల పైమాట, బరువు 60 కిలోలు. ఎవరు ఎవర్ని తిట్టినా తననే తిట్టారనుకుంటుంది.

పూర్వం అడవిపందుల వేటకు పెంచిన జాతి ఇది. పేరు డెన్మార్క్‌ది, పెంచి పెద్దచేసింది జర్మన్లు. ఆ విషయంలో మాత్రం దాని మనోభావాలు దెబ్బతిన్న దాఖలాలు లేవు. అడవిపందికి ఎదురు నిలిచిన వంశాంకురం ఇవాళ ‘ఛీ’ అంటే చాలు, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. గిన్నెను ఓరకంట చూస్తుందే గానీ కదలదు. ఇంటిల్లిపాదీ వెళ్లి నేలమీద చతికిలబడి బుజ్జగించాలి. చివరికి అది లేచి, పోనీలే అన్నట్టు ఎవరో ఒకరి కాళ్లకు తన బరువంతా ఆనిస్తుంది. క్షమాభిక్ష పొందినవారు ముందే గోడ చూసుకుని నిలబడటం మంచిది.

కర్ర లేనిదే క్రమశిక్షణ రాదనే పెద్దలంటే నాకు గౌరవమే. కానీ ఈ కుక్కను గద్దిస్తే పాఠం నేర్చుకోదు, పాఠం చెప్పే మనిషికి దూరంగా ఉండటం నేర్చుకుంటుంది. ‘కూర్చో’ అనగానే కూర్చుంటే ఆ క్షణమే చిన్న మాంసం ముక్క పెట్టి ‘శభాష్ బంగారం’ అనాలి. ఆలస్యమైతే తను లేచి నిలబడినందుకే ఆ బహుమానం అనుకుంటుంది. కొడుక్కి 96 మార్కులొస్తే మిగతా నాలుగూ ఏవిరా అని నిలదీసిన తండ్రి, కుక్క కూర్చున్నందుకు చప్పట్లు కొడుతున్నాడు. కొడుకు చూస్తూనే ఉన్నాడు.

వీటన్నిటికీ గడువుంది. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం లోపు కుక్కపిల్లకు గొడుగు, కుక్కర్ విజిల్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఏడ్చే పసిపాప అందరూ పరిచయం కావాలి. టీకాలు పూర్తికాలేదంటారా, చంకనెత్తుకుని తిప్పండి. బద్ధకించారో, పెద్దయ్యాక అది గొడుగును చూసి మంచం కింద దూరబోతుంది. మంచం లేస్తుంది. గొలుసు లాగకుండా నడవడమూ ఎత్తుకోగలిగే వయసులోనే నేర్పాలి. తర్వాత ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో వీధంతా చూస్తుంది.

ఎముకలు గట్టిపడటానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది కాబట్టి అందాకా దూరపు పరుగులు, మెట్లమీద గెంతులు వద్దు. డాక్టరు చెప్పందే కాల్షియం పొడి కలపొద్దు, ఎక్కువైతే ఆ ఎముకలకే చేటు. ఇక వ్యంగ్యానికి లొంగని సంగతొకటుంది. పొట్ట ఉబ్బి, వాంతికి తంటాలు పడుతూ ఏమీ రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. ఈ వ్యాసం అక్కడే పడేసి పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి.

ఏలినవారికి నా విన్నపం ఏమిటంటే, లైసెన్సు పరీక్ష కుక్కకు కాదు, ఇంటివాళ్లకు పెట్టాలి. రెండు వారాలు ఎవరూ ఎవరిమీదా అరవకూడదు. తప్పినవారికి అక్వేరియం, అందులో రెండు చేపలు మంజూరు చేయాలి. వాటికీ మనోభావాలున్నాయేమో గానీ, ఇప్పటిదాకా బయటపెట్టలేదు.