యాభై సీట్ల కాలేజీలే దారి చూపాలి

ఎంబీబీఎస్ ఎక్కడ చదివినా సరే, చివరికి నల్లగొండలోనే చదివినా సరే, తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసేసే ‘నల్లగొండ టెక్నిక్’ విద్యార్థికి ఒక షార్ట్ నోట్ మాత్రమే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి, తేరనివ్వాలి, వడగట్టాలి. నాలుగు లైన్లు బట్టీ పడితే మార్కులు ఖాయం. అదే జిల్లాలో మర్రిగూడ వైపు వెళ్తే ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు, మెడ తిరగక మనిషి మనిషే పక్కకు తిరిగి మాట్లాడే పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ నాలుగు లైన్లకూ ఈ మెడకూ ఉన్న సంబంధాన్ని మన వైద్యవిద్య పరీక్షకు పనికొచ్చేంత మేరకే పట్టించుకుంటోంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో 20 మంది విద్యార్థులతో ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ (పీబీఎల్) మొదలుపెట్టింది. 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ అందుకుంది. పద్ధతి సులువే. ఎనిమిది, పది మంది ఒక గదిలో కూర్చుంటారు. ముందు పాఠం ఉండదు, ఒక రోగి కథ ఉంటుంది. అందులో తమకు తెలిసిందేమిటో, తెలియనిదేమిటో బోర్డు మీద రాసుకుంటారు. తెలియనివి చదువుకుని రెండు మూడు రోజులకు మళ్లీ కూర్చుంటారు. ట్యూటర్ జవాబు చెప్పడు. చర్చ దారి తప్పితే ఒక ప్రశ్న వేస్తాడు, అంతే.

మన దగ్గర 2019 బ్యాచ్ నుంచి అమలైన కొత్త కరికులమ్ కూడా ఈ దారినే చూపింది. లెక్చర్లు మొత్తం బోధనలో మూడో వంతు దాటకూడదని రాసుకున్నారు. రాతకేం, బాగానే ఉంది. టైమ్‌టేబుల్‌లో ‘స్మాల్ గ్రూప్ డిస్కషన్’ అని ఉంటుంది. ఆ గంటలో డెబ్బై ఐదు మంది కూర్చుంటారు, అదే పీపీటీ నడుస్తుంది, చివర్లో లాగ్‌బుక్కులు దొంతరగా టేబుల్ మీదకు చేరతాయి, సంతకాలు పడతాయి. రోగితో మాట్లాడాక ఏమనిపించిందో రాయమంటే సీనియర్ల కాపీలు చేతులు మారతాయి. ఏటా అందరికీ ఒకేలా అనిపిస్తుంది కాబోలు!

పీబీఎల్ వద్దనేవాళ్ల వాదన నాకు తెలుసు. ఉన్న లెక్చర్లు చెప్పడానికే ఫ్యాకల్టీ లేరు, గ్రూపుకో ట్యూటర్‌ను ఎక్కడి నుంచి తెస్తారంటారు. అనాటమీ, ఫిజియాలజీ లాంటి బేసిక్ సైన్సుల్లో పీబీఎల్ విద్యార్థులకు ఒక్కోసారి మార్కులు తగ్గాయని 1993 నాటి సమీక్ష ఒకటి చెప్పిన మాట కూడా నిజమే. పరీక్ష బట్టీని కొలుస్తున్నంత కాలం బట్టీ కొట్టినవాళ్లే ముందుంటారు, అందులో వింతేముంది? ఇక ట్యూటర్ల కొరత అంటారా, ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం.

150 సీట్ల కాలేజీలో పది మందికో గ్రూపు చొప్పున పదిహేను మంది ట్యూటర్లు కావాలి. అది కష్టమే, ఒప్పుకుంటాను. కానీ 2024లో గద్వాల, నారాయణపేటల్లో తెరిచిన ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు ఏడాదికి 50. అంటే ఐదు గ్రూపులు, ఐదుగురు ట్యూటర్లు. వాళ్లు ఆ సబ్జెక్టులో దిగ్గజాలు కానక్కర్లేదు, చర్చ నడపడం నేర్చుకుంటే చాలు. ఈ కొత్త కాలేజీలను అందరూ లోటు లెక్కలతోనే చూస్తున్నారు. బిల్డింగ్ లేదు, ప్రొఫెసర్ లేడు, ఉన్న ప్రొఫెసర్ సాయంత్రానికి హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఇవన్నీ ప్రభుత్వం సరిదిద్దాల్సినవే. అయితే మూడు వందల మంది పట్టే లెక్చర్ హాలు లేకపోవడం మాత్రం నా దృష్టిలో లోటు కాదు. ఉస్మానియా, గాంధీ అనుకున్నా చేయలేని పనిని ఈ చిన్న కాలేజీలు రేపే మొదలుపెట్టొచ్చు.

అక్కడ కేసులకు కొదవా? ఒక ఉదాహరణ ఇస్తాను. కూలి పని చేసే నలభై ఏళ్ల మనిషి. ఊళ్లో కల్లు దుకాణం మూతపడి మూడు రోజులైంది. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, లేని మనుషులతో మాట్లాడుతున్నాడు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. తెల్లవారుజామున ఫిట్స్ వస్తే ఆసుపత్రికి తెచ్చారు. ఈ ఐదు వాక్యాలు చాలు, ఫస్టియర్ పిల్లలకు వారం రోజుల పని. మద్యం మానేస్తే వచ్చే వణుకు, కల్తీ కల్లు ఆగితే వచ్చే వణుకు ఒకటేనా? ఆ కల్లులో మత్తు కోసం కలిపింది క్లోరల్ హైడ్రేటా, అల్ప్రాజోలమా? మెదడులో గాబా అనే రసాయనం పనేమిటి? ఇన్నాళ్లూ మందుకు అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా అది అందకపోతే ఫిట్స్ ఎందుకొస్తాయి? డయాజిపామ్ ఎంత ఇవ్వాలి, ఎలా తగ్గించుకుంటూ రావాలి? చర్చ అక్కడితో ఆగదు. చెట్టు నుంచి దిగే కల్లు కన్నా దుకాణంలో అమ్ముడయ్యే కల్లు ఎక్కువెలా అవుతుంది? ఎక్సైజ్ వాళ్లు దుకాణాలు మూయించే ముందు ఆసుపత్రికి ఒక ఫోన్ చేయాలా, వద్దా? ఫిజియాలజీ, ఫార్మకాలజీ, సైకియాట్రీ, కమ్యూనిటీ మెడిసిన్ ఒకే మంచం చుట్టూ చేరతాయి. ఇదే విషయం లెక్చర్‌లో అయితే నాలుగు సబ్జెక్టుల్లో, వేర్వేరు సంవత్సరాల్లో, నాలుగు స్లైడ్లుగా వచ్చి పోతుంది.

అసలు ఈ నేల మీద వైద్యశాస్త్రం ముందుకు నడిచిందే ప్రశ్నతో. ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్ను బిగుసుకుపోతుందని అప్పటికే తెలుసు. మరి నల్లగొండ పల్లెల్లో కుర్రాళ్ల మోకాళ్లు ఎందుకు లోపలికి వంగుతున్నాయి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి దీన్ని పట్టుకుని 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. తర్వాతి పరిశోధనలు జొన్న తిండి వైపు, అందులోని మాలిబ్డినమ్ అనే ఖనిజం వైపు, ఒంట్లోంచి పోయే రాగి వైపు వెళ్లాయి. నీళ్లలో మొదలైన ప్రశ్న జొన్నరొట్టె దాకా వెళ్లింది. పుస్తకంలో దొరకని ప్రశ్న అది. ఊళ్లోకి వెళ్లి చూసినవాళ్లకు తట్టింది.

అలాంటి ప్రశ్న అడిగే అలవాటును మనం పిల్లల్లో పదహారో ఏటే చంపేస్తున్నాం. నా అసలు కోపం అక్కడ. ఇంటర్ రెండేళ్లు కార్పొరేట్ హాస్టల్‌లో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెడతారు. ప్రశ్న అడిగితే ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అంటారు. నీట్‌లో 180 బిట్లు కొట్టి వచ్చినవాడు ఎంబీబీఎస్‌లో చేరిన రెండో ఏడాదికే ఫోన్‌లో పీజీ కోచింగ్ యాప్ వేసుకుంటాడు, అక్కడ ఇంకో 200 బిట్ల టెన్షన్. బిట్ పేపర్‌కూ బిట్ పేపర్‌కూ మధ్య ఐదున్నరేళ్లలో తనకు తెలియదని నోరు తెరిచి చెప్పే సందర్భం ఒక్కటీ రాదు. అలా తయారైన డాక్టరే రోగి ప్రశ్న అడిగితే విసుక్కుంటాడు. తనను ఎవరు అడగనిచ్చారు గనక?

ఇందులో గురుకులాల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి వచ్చిన పిల్లల పరిస్థితి మరీ కష్టం. నూట యాభై మంది ముందు ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడటం కన్నా నోరు మూసుకోవడమే నయమనుకుంటారు. పది మంది గదిలో తెలుగు, ఇంగ్లిష్ కలిపి మాట్లాడనిస్తే ముందు నోరు విప్పేది వాళ్లే. ‘ఒళ్లంత గుంజుతున్నది సారూ’ అని ముసలమ్మ అంటే, ఎక్కడ, ఎప్పటి నుంచి, పని చేస్తున్నప్పుడా పడుకున్నప్పుడా అని వెంటనే అడగగలిగేది కూడా వాళ్లే.

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చేయాల్సింది పెద్దగా ఏం లేదు. గద్వాల, నారాయణపేటల్లో వచ్చే ఫస్టియర్ బ్యాచ్‌తో వారానికి రెండు పూటలు పీబీఎల్ మొదలుపెట్టాలి. ఆ జిల్లా ఆసుపత్రుల రికార్డుల నుంచి పేర్లు తీసేసి ముప్పై కేసులు రాయించాలి. ఆ కేసుల మీద యూనివర్సిటీ పరీక్షలో కచ్చితంగా ఒక పెద్ద ప్రశ్న ఇవ్వాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ లాగ్‌బుక్కులో సంతకాలుగానే మిగిలిపోతాయి.